మోడళ్లను ఆకారంతో పోల్చడం – 3వ భాగం: గండిపేట మట్టం గీసే వలయం

బిందువుల మధ్య అనుమతించే దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, ఆ దూరంలోపున్న బిందువులను గీతలతో కలుపుతూ, మూడూ ఒకదానితో ఒకటి కలిసిన చోట త్రిభుజాన్ని నింపుతూ పోతే వలయం ఏ దూరం దగ్గర పుడుతుందో, ఏ దూరం దగ్గర పూడిపోతుందో గత భాగంలో చూశాం. ఈసారి దానితోనే రెండు మోడళ్లను తూచుదాం.

1908 మూసీ వరద తర్వాత కట్టి, 1920లో పూర్తిచేసిన గండిపేట జలాశయాన్నే తీసుకోండి. పూర్తి మట్టం 1,790 అడుగులు. వానలకు నిండుతుంది, ఎండలకు తగ్గుతుంది. అసలు రీడింగులు గజిబిజిగా ఉంటాయి కాబట్టి ముందు చేత్తో లెక్క తేలే మచ్చు: 12 నెలలకోసారి తిరిగొచ్చే కొసైన్ తరంగం, సగటు 0, ఎత్తు 1.

మోడల్ ‘క’ అదే తరంగం, కాకపోతే శిఖరం రెండు నెలలు ఆలస్యం. మోడల్ ‘గ’ ఏడాది పొడవునా సగటు దగ్గరే ఉండే అడ్డగీత. మామూలుగా చూసే ఆర్‌ఎమ్‌ఎస్ దోషం (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) కట్టండి. రెండు నెలలంటే 60 డిగ్రీలు; తేడా కూడా తరంగమే, దాని ఎత్తు 2 × సైన్ 30° = 1, దోషం 0.707. అడ్డగీతకూ సరిగ్గా 0.707! చెరువు నిండుతుంది, ఎండుతుంది అని తెలిసిన మోడల్‌కూ, ఏమీ తెలియని గీతకూ ఒకే మార్కులు. ఇది సరిదిద్దాల్సిన అన్యాయం.

ప్రతి నెల మట్టాన్నీ మూడు నెలల తర్వాతి మట్టంతో జతచేసి కాగితం మీద చుక్క పెట్టండి. మూడు నెలలే ఎందుకంటే అది చక్రంలో పావు వంతు. చుక్కలన్నీ వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం మీద 12 చోట్ల పడతాయి. ఆరు నెలల జాప్యం తీసుకుంటే రెండో విలువ మొదటిదే, గుర్తు మాత్రం మారుతుంది, వృత్తం నలిగి గీతైపోతుంది, వలయమే కనబడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. 36 నెలల రీడింగులుంటే చుక్కలు 33 వస్తాయి, చివరి మూడు నెలలకు జత దొరకదు.

పక్కపక్క చుక్కల దూరం 2 × సైన్ 15° = 0.518. వలయం అక్కడ పుడుతుంది. 120 డిగ్రీల ఎడమున్న మూడు చుక్కలు కలిసే దూరం, అంటే √3 = 1.732 దగ్గర పూడిపోతుంది. మోడల్ ‘క’ చుక్కలూ ఇవే, కాబట్టి బాటిల్‌నెక్ దూరం, అంటే అసలు వలయాలనూ మోడల్ వలయాలనూ వీలైనంత బాగా జతచేశాక పుట్టుక, పూడికల్లో మిగిలే అతిపెద్ద తేడా, 0. ‘గ’ చుక్కలన్నీ ఒకే చోట పడతాయి, వలయం లేదు, జత దొరకని మన వలయాన్ని పుట్టుక–పూడికల రేఖాచిత్రంలోని వికర్ణానికి (పుట్టుక, పూడిక సమానమయ్యే గీతకు) జతచేయాలి, ఖర్చు (1.732 − 0.518) / 2 = 0.607.

కొలతలో తప్పులుంటే? ప్రతి నెలా ±0.1 మించకపోతే ఒక చుక్క కదిలేది గరిష్ఠంగా 0.141, రెండు చుక్కల మధ్య దూరం మారేది 0.283 లోపే. వలయపు పుట్టుక, పూడిక కూడా అంతకు మించి జరగవు. 0.607 దానికి బాగా పైనుంది కనుక తీర్పు మారదు. ఈ భరోసా ఉండబట్టే ఈ పద్ధతిని నమ్మవచ్చు.

పైథాన్‌లో రిప్సర్ అనే లైబ్రరీతో ఈ రేఖాచిత్రాలు తీసి, పెర్సిమ్ అనే లైబ్రరీతో వాటి మధ్య దూరం కొలవవచ్చు. గూఢీ అనే మరో లైబ్రరీలోని ఆల్ఫా పద్ధతి మామూలుగా దూరానికి బదులు చుక్కల చుట్టూ పెంచే వృత్తాల వ్యాసార్ధపు వర్గాన్ని ఇస్తుంది; ఇదే వలయం అక్కడ 0.067 దగ్గర పుట్టి 1 దగ్గర పూడుతుంది. ఒక మోడల్‌ను రిప్సర్‌తో, రెండోదాన్ని ఆల్ఫాతో కొలిచి పోల్చారా, వచ్చిన అంకెకు అర్థమే ఉండదు. ఇంకొకటి: ఏ మోడల్‌నూ దాని సొంత విచలనంతో (సగటు నుంచి ఎంత చెదిరిందో చెప్పే కొలతతో) భాగించకండి. అడ్డగీతకు సున్నాతో భాగహారం వస్తుంది, మిగతావాటికి ఎత్తులో తేడా చెరిగిపోతుంది. అన్నింటినీ అసలు రీడింగుల విచలనంతోనే భాగించండి.

ఇక ‘క’కు వచ్చిన 0 చూసి మురిసిపోవద్దు. ఆ 0 చక్రం ఉందని మాత్రమే చెబుతుంది, ఎప్పుడు నిండుతుందో చెప్పదు. గేట్లు ఎత్తే రోజు నిర్ణయించాలంటే ఆర్‌ఎమ్‌ఎస్ దోషాన్నీ పక్కన పెట్టుకోవాల్సిందే.

అభ్యాసం: 6 నెలలకోసారి తిరిగొచ్చే మోడల్ ‘చ’ తీసుకుని మూడు నెలల జాప్యంతో చుక్కలు పెట్టండి. వలయం ఎందుకు రాలేదు? ఒక నెల జాప్యంతో ఎన్ని చుక్కలు, ఏ ఆకారంలో వస్తాయి? జవాబు 4వ భాగంలో.