షుగర్ ఉన్నవాళ్లు చేప నూనె డబ్బా కొనే ముందు

బరంపురంలో మందుల షాపుకెళ్లి చేప నూనె డబ్బా చేతిలోకి తీసుకున్నారా, ముందు దాన్ని వెనక్కి తిప్పండి. ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే 1000 మిల్లీగ్రాములు మొత్తం నూనె బరువు. మనకు కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్ఏ మామూలు రకంలో 180, 120, అంటే రెండూ కలిపినా 300 మాత్రమే.

ఇంకో మాట, ఇది షుగర్ తగ్గించదు. రక్తంలో ఉండే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును తగ్గిస్తుంది, అదీ డాక్టరు రాసే రోజుకు 2 నుంచి 4 గ్రాముల మోతాదులో. గుండెకైనా మంచిదేగా అంటారా, 2018లో వచ్చిన అసెండ్ అధ్యయనంలో 15,480 మంది షుగర్ పేషెంట్లలో సగం మందికి రోజూ 1 గ్రాము క్యాప్సూల్ ఇచ్చి ఏడేళ్లకు పైగా చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు.

ఆ డబ్బులకు గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే కవళ్లో కానాగంతలో వారానికి రెండుసార్లు తెచ్చుకోండి, కళ్లు మెరుస్తూ మొప్పలు ఎర్రగా ఉన్నవి చూసి. వేపుడు వద్దు, చింతపండు పులుసు పెట్టండి, బెల్లం వేయకుండా. పులుసు కుదిరింది కదాని అన్నం మారు వడ్డించుకుంటే మాత్రం మీటరు ఊరుకోదు! ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే చేపలతో అయ్యే పని కాదు, డాక్టరు దగ్గరికే.