చేతిలో కనికట్టు – 1వ పాఠం: లేని నాణేన్ని పట్టుకోవడం

ఈ పాఠానికి కావలసినవి ఒక నాణెం, ఒక పెన్ను, జేబున్న బట్టలు. అంతే. పేక ముక్కలు ఇప్పుడే వద్దు. మ్యాజిక్ నేర్చుకుందామనుకున్న ప్రతివాళ్ల చెయ్యీ ముందు పేక కట్ట మీదికే వెళ్తుంది. నాదీ అలాగే వెళ్లింది. 52 ముక్కలు చేతిలోంచి జారకుండా కలపడానికే నెల పట్టింది, ట్రిక్కు మాత్రం ఒక్కటీ రాలేదు. పేక సంగతి మూడో పాఠంలో చూద్దాం.

నాణెం మరీ చిన్నది కాకుండా, అడ్డంగా 25 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంచుకు సన్నటి గాట్లున్నది దొరికితే పట్టు బాగా నిలుస్తుంది.

ఈ విద్యకు తెలుగులో కనికట్టు అని పేరుంది. అంటే కట్టేది కన్నును. చేతి వేగానికి కన్ను చాలదని అందరూ అంటుంటారు గానీ, ఆ మాట మెజీషియన్లే పుట్టించి ఉంటారని నా అనుమానం. ఈ పాఠంలో వేగంగా చేయాల్సిన పని ఒక్కటీ లేదు. వేగంగా చేస్తే పట్టుబడతారు కూడా.

ముందు మోసం లేకుండా చేయండి. ఎడమ చేతి వేళ్ల కొసల్లో నాణెం పట్టుకుని, కుడి చేత్తో నిజంగానే తీసుకోండి. ఇరవై సార్లు తీసుకోండి. ఇందులో నేర్చుకోవడానికి ఏముందని విసుక్కోకుండా మూడు సంగతులు గమనించండి. తీసుకున్న క్షణంలో మీ చూపు ఎటు పోయింది? ఖాళీ అయిన ఎడమ చెయ్యి ఏం చేసింది? నాణెం ఉన్న కుడి పిడికిలి ఎంత బిగుతుగా ఉంది? చూపు నాణెంతో పాటు కుడి చేతి వెంట పోతుంది. ఎడమ చెయ్యి పని అయిపోయినట్టు మెల్లగా కిందికి వాలుతుంది. లోపల ఒక వస్తువు ఉంది కాబట్టి పిడికిలి పూర్తిగా బిగుసుకోదు, వేళ్ల మధ్య కాస్త చోటు మిగులుతుంది. రేపు మీరు నటించాల్సింది సరిగ్గా ఈ మూడింటినే.

ఇప్పుడు అసలు పని. దీన్ని మెజీషియన్లు ఫ్రెంచ్ డ్రాప్ అంటారు. ఎడమ అరచేతిని పైకి తిప్పి వేళ్లు కొంచెం వంచండి. నాణేన్ని అంచుల దగ్గర పట్టుకోండి: ఒక పక్క బొటనవేలి కొస, ఎదురు పక్క చూపుడువేలు, నడిమివేలి కొసలు. నాణెం బల్లపరుపుగా ఉండాలి, దాని కింద అరచెయ్యి దొప్పలా ఉండాలి. కుడి చెయ్యి పక్కనుంచి వస్తుంది. దాని బొటనవేలు ఎడమ బొటనవేలికీ వేళ్లకీ మధ్య ఏర్పడిన కంతలోకి, నాణెం కిందుగా దూరుతుంది. మిగతా వేళ్లు నాణేనికి ముందు తెరలా నిలుస్తాయి. తెర పూర్తిగా పడ్డాక ఎడమ బొటనవేలి పట్టు వదిలేయండి. నాణెం దానంతటదే జారి ఎడమ వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. కుడి వేళ్లు మాత్రం దాన్ని అందుకున్నట్టే మూసుకుని, కొంచెం పైకి లేచి పక్కకు వెళ్లిపోతాయి. మీ చూపు వాటి వెంటే వెళ్తుంది.

మంచం పక్కన నిలబడి ప్రాక్టీస్ చేయడం మంచిది. మొదట్లో నాణెం పదే పదే కింద పడుతుంది. గచ్చు మీద పడి దొర్లితే దాన్ని వెతకడానికే సాయంత్రం గడిచిపోతుంది. ఎడమ చేతికి ఉంగరం ఉంటే తీసేయండి. నాణెం తగిలి టింగుమందంటే, కన్నును కట్టినా చెవి చెప్పేస్తుంది.

నేను మొదటిసారి దీన్ని ఆరేళ్ల పిల్లాడి ముందు చేశాను. వారం రోజులు సాధన చేశాక, చాలా ధీమాగా. కుడి పిడికిలి మీద ఊది, తెరిచి చూపించాను. వాడు దాని వంకైనా చూడకుండా నా ఎడమ చెయ్యి పట్టుకుని “ఇందులో ఉంది” అన్నాడు. ఎలా తెలిసిందిరా అంటే “ఆ చెయ్యి కొయ్యలా ఉంది” అన్నాడు. నిజమే. నాణెం పడిపోతుందేమోనన్న టెన్షన్‌లో ఎడమ చేతిని గాల్లోనే బిగబట్టాను, బొటనవేలు పక్కకు పొడుచుకొచ్చింది. నేను వేళ్లకు నేర్పిందంతా కుడి చేతి నటనే. ఖాళీగా ఉన్నట్టు కనిపించడం ఎడమ చేతికి నేర్పలేదు.

దానికి మందు చిన్నదే. నాణెం వేళ్ల మొదళ్ల దగ్గరి మడతలో పడ్డాక నడిమివేలు, ఉంగరపు వేలు పిసరంత వంచితే చాలు, దానంతటదే ఆగుతుంది. మిగతా వేళ్లు వదులుగా వేలాడాలి. అలా నాణెం పెట్టుకునే తలుపు తీయండి, పుస్తకం పేజీ తిప్పండి, ఫోన్ ఎత్తి మాట్లాడండి. రెండు మూడు రోజులకు చెయ్యి నాణేన్ని మరిచిపోతుంది. అది మరిచిపోయాకే చూసేవాళ్లూ మరిచిపోతారు.

ఇక పెన్ను. కుడి చెయ్యి తెరిచి చూపించగానే ఎవరైనా అడిగేది “ఆ రెండో చెయ్యి చూపించు” అనే. అడిగాక ఏం చేయాలా అని ఆలోచిస్తే ఆలస్యమైపోయినట్టే. అందుకే, నాణెం కుడి పిడికిలిలో ఉందని అందరూ నమ్ముతుండగా, ఎడమ చేత్తో జేబులోంచి పెన్ను తీయండి. చెయ్యి లోపలికి నాణెంతో వెళ్తుంది, పెన్నుతో బయటికొస్తుంది. పెన్నుతో కుడి పిడికిలిని తట్టండి. ఒక్కో వేలూ తెరవండి. రెండు చేతులూ ఖాళీ. మెజీషియన్ చేతిలో మంత్రదండం ఉట్టి అలంకారమేమీ కాదని మీకు ఇప్పుడు తెలిసిపోయింది.

ఇంకో లాభం ఉంది. మోసం జరిగిన క్షణానికీ, మాయం కనిపించిన క్షణానికీ మధ్య పెన్ను వెతకడం, తట్టడం, ఒక మాట అనడం వచ్చి చేరాయి. తర్వాత ఆలోచించేవాళ్లు పిడికిలి తెరిచిన చోటే వెతుకుతారు. జరగాల్సింది అంతకుముందే జరిగిపోయింది.

అద్దం ముందు సాధన చేయొచ్చు, కానీ దాన్ని మరీ నమ్మకండి. అద్దంలో మనల్ని మనం చూసుకుంటాం కాబట్టి, చూపు కుడి చేతి వెంట వెళ్లాలన్న అసలు సంగతే తప్పిపోతుంది. పైగా నాణెం జారే క్షణంలో తెలియకుండానే రెప్ప వేసేస్తాం. మన మోసాన్ని మనమే చూడలేం కదా! ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఆ రెప్పపాటు కూడా దొరుకుతుంది. మీ ఎడమ పక్కనా వెనకా ఎవరినీ నిలబెట్టకండి, అక్కడి వాళ్లకు తెర ఉండదు.

అయ్యాక “మళ్లీ చెయ్యవా” అంటారు. చెయ్యకండి. రెండోసారి వాళ్లకు ఎక్కడ చూడాలో తెలుసు. ఏ ట్రిక్కయినా మూడుసార్లు చూస్తే పట్టేస్తానని పేరుమోసిన మెజీషియన్ హుడిని చెప్పుకునేవాడట. 1922లో చికాగోలో డై వెర్నన్ అనే యువకుడు ఒకే పేక ట్రిక్కును ఆయనకు పదే పదే చూపించాడు. హుడిని పట్టుకోలేకపోయాడు. వెర్నన్ స్థాయికి చేరాక మీరూ మళ్లీ చేయండి.

రహస్యం అడిగినా చెప్పకండి. సుమారు 1,960 ఏళ్ల కిందటి రోమన్ తత్త్వవేత్త సెనెకా ఒక ఉత్తరంలో గిన్నెలు, గులకరాళ్ల గారడీ సంగతి ఎత్తుతాడు. అందులో మోసపోవడమే తనకు సరదా అనీ, ఎలా చేస్తారో చూపించేస్తే ఆసక్తి పోతుందనీ అంటాడు. చెప్పమని బతిమాలేవాళ్లు, చెప్పగానే “ఓస్, ఇంతేనా” అంటారు. నేను రెండుసార్లు చెప్పి, రెండుసార్లూ అనిపించుకున్నాను.

వచ్చే పాఠం దాకా ఇంటిపని: రోజూ ఇరవై సార్లు నిజంగా తీసుకోండి, ఇరవై సార్లు తీసుకున్నట్టు నటించండి. రెండూ కలిపి వీడియో తీసి, శబ్దం ఆపేసి ఎవరికైనా చూపించి, ఏది నిజమో అడగండి. వాళ్లు తడబడితే రెండో పాఠానికి రండి. మాయమైన నాణేన్ని ఎదుటివాళ్ల మోచేతి కింద దొరికించడం అందులో ఉంటుంది.