ల్యాప్‌టాప్ స్లో అయిందా? ర్యామ్ కొనే ముందు ఛార్జర్ చూడండి

ల్యాప్‌టాప్ స్లో అయితే మన దగ్గర మొదట వినిపించే మాట "ర్యామ్ వేయించు". పక్కింటి బీటెక్ కుర్రాడు అదే చెప్తాడు, ఆఫీసులో కొలీగ్ అదే చెప్తాడు, గవర్నర్‌పేట షాపులో కౌంటర్ దగ్గరి అబ్బాయి సరేసరి. వాళ్లందరి మాటా వినే ముందు మెషీన్ ఏమంటోందో చూడాలి. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అయినా దాదాపు ఎవరూ చూడరు. నేరుగా ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి "పదహారు జీబీ చేసేయండి" అంటారు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. ల్యాప్‌టాప్ నిజంగా ఇబ్బంది పెడుతున్నప్పుడే చూడాలి. రీస్టార్ట్ చేసి, అంతా కుదుటపడ్డాక చూస్తే ఏమీ తెలియదు. ఆన్ చేసిన వెంటనే కూడా వద్దు. అప్‌డేట్లు, యాంటీవైరస్ వాటి పని అవి చేసుకుంటాయి, ఐదు నిమిషాలు ఆగండి. ఛార్జర్ మాత్రం రోజూ ఎలా పెట్టుకుని వాడతారో అలాగే ఉంచండి. ఎందుకో కింద చెప్తాను.

లక్షణం: ఆన్ అవ్వడానికే బోలెడు సేపు, డిస్క్ 100 శాతం

డిస్క్ పేరు పక్కన హెచ్‌డీడీ (లోపల పళ్లెం తిరిగే పాత రకం హార్డ్ డిస్క్) అని ఉందా? ఇంక ఆలోచించక్కర్లేదు, దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్) వేయించండి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ మహా అయితే సెకనుకు వంద, నూట యాభై ఎంబీ చదువుతుంది, చిన్న చిన్న ఫైళ్లయితే అందులో పదో వంతు కూడా రాదు. సాటా అనే మామూలు రకం ఎస్‌ఎస్‌డీ ఐదు వందలు దాటుతుంది. పాత ల్యాప్‌టాప్‌కి పెట్టే డబ్బులో తేడా కళ్లకు ఎక్కువగా కనిపించేది ఇదే. విండోస్ కొత్తగా వేయించుకోండి, పాత చెత్తంతా కొత్త డిస్క్‌లోకి మోయొద్దు.

ఇక్కడ ఎక్కువ ఖర్చు పెట్టించే మాట ఒకటుంది: "ఎన్‌వీఎంఈ అయితే ఏడు రెట్లు ఫాస్ట్ సార్". ఎన్‌వీఎంఈ అంటే ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ. కాగితం మీద నిజమే, సెకనుకు మూడున్నర వేల ఎంబీ ఇచ్చేవి ఉన్నాయి. టాలీ, ఎక్సెల్, బ్రౌజర్ వాడేవాళ్లకి ఆ తేడా చేతికి తెలియదు. పైగా ఎస్‌ఎస్‌డీ గుచ్చే, చూడ్డానికి ఒకేలా ఉండే ఎం.2 స్లాట్ కొన్ని పాత మోడళ్లలో సాటా రకాన్నే తీసుకుంటుంది. మోడల్ నంబరు కొట్టి, ఏది పడుతుందో చూశాకే కొనండి.

డిస్క్ ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ అయి ఉండి 100 చూపిస్తుంటే, అది నిండిపోయిందేమో చూడండి, లేదా ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకుంటోందేమో చూడండి.

లక్షణం: పది ట్యాబ్‌లు తెరిస్తే హ్యాంగ్, మెమరీ 90 దాటింది

ర్యామ్ సమస్య నిజంగా ఉన్నప్పుడు ఇలా ఉంటుంది. ఎనిమిది జీబీలో ఐదు వాడుకలో ఉందంటే అది జబ్బు కాదు. అలా వాడుకోడానికే అది ఉంది. 4 జీబీతో లాక్కొస్తున్నవాళ్లు 8 చేసుకోవచ్చు. ఫోటోషాప్, పెళ్లి ఆల్బమ్‌లు, ఆండ్రాయిడ్ స్టూడియో ఉన్నవాళ్లకి 16 దండగ కాదు. వర్డ్, జీమెయిల్ వాడేవాళ్లకి మాత్రం 8 నుంచి 16కి వెళ్తే ఒరిగేదేమీ లేదు.

మెమరీ పేజీలోనే స్లాట్‌లు ఎన్ని, ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. సన్నటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, అక్కడ మీరూ నేనూ చేసేదేం లేదు. ర్యామ్‌లో తరాలుంటాయి; డీడీఆర్3, 4, 5 ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టవు. 2025 చివర నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. రెండేళ్ల కిందట మీ బావమరిది ఎంతకి వేయించుకున్నాడో ఇప్పుడు లెక్కలోకి రాదు.

లక్షణం: డిస్క్ ఖాళీ, మెమరీ ఖాళీ, సీపీయూ కూడా ఖాళీయే, అయినా నత్తనడక

డబ్బు వృథా అయ్యేదంతా ఇక్కడే. మూడూ ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ ఏమీ తోచదు. తోచనప్పుడు ర్యామ్ వేస్తారు. అది పనిచేయకపోతే ఎస్‌ఎస్‌డీ, ఆ తర్వాత ఫార్మాట్. అదీ కాకపోతే "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అంటారు.

సీపీయూ (అంటే ప్రాసెసర్) పేజీలో శాతం సంగతి వదిలేసి, కింద స్పీడ్ అని ఉన్న అంకె చూడండి. పక్కనే బేస్ స్పీడ్ కూడా ఉంటుంది, ఉదాహరణకి 2.40 గిగాహెర్ట్జ్. మామూలుగా పని పడినప్పుడు స్పీడ్ ఆ బేస్‌కి దగ్గరలోనో, అంతకు మించో ఉండాలి. ఒక పెద్ద ఫైలు తెరవండి, వీడియో పెట్టండి, నాలుగు సైట్లు ఒకేసారి తెరవండి. అప్పుడు కూడా ఆ అంకె 0.39 దగ్గరో 0.79 దగ్గరో కదలకుండా కూర్చుంటే దొంగ దొరికినట్టే. ప్రాసెసర్‌ని ఎవరో పట్టి ఉంచారు.

ఇందులో ఇంకో మాయ ఉంది. చాలా విండోస్ వెర్షన్లలో సీపీయూ శాతాన్ని బేస్ స్పీడ్‌తో పోల్చి చూపిస్తారు. 2.40 నడవాల్సింది 0.80కి కట్టేస్తే, ఆ ప్రాసెసర్ ఊపిరాడకుండా పనిచేస్తున్నా స్క్రీన్ మీద 33 శాతం దగ్గరే ఆగిపోతుంది. చూసినవాళ్లు "సీపీయూ ఖాళీగానే ఉందిగా" అని ముందుకెళ్లిపోతారు.

పట్టి ఉంచేది ఎవరంటే, చాలాసార్లు ఛార్జరే. కొన్ని కంపెనీల గుండ్రటి పిన్ ఛార్జర్లలో మధ్యలో సన్నటి సూది ఉంటుంది. కరెంటు దాని గుండా రాదు. "నేను 65 వాట్ల ఛార్జర్‌ని" అని ల్యాప్‌టాప్‌కి చెప్పడమే దాని పని. ఆ సూది వంగినా, తీగలో ఆ సన్న వైరు తెగినా, లేదా వాట్లు చెప్పే చిప్పే లేని డూప్లికేట్ ఛార్జర్ పెట్టినా, ల్యాప్‌టాప్‌కి వచ్చింది ఎన్ని వాట్లో తెలియదు. తెలియనప్పుడు జాగ్రత్త పడుతుంది: బ్యాటరీ ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్‌ని అట్టడుగు స్పీడ్‌కి దించేస్తుంది. లైటు వెలుగుతుంది, స్క్రీన్ వస్తుంది, కాబట్టి ఛార్జర్ మీద ఎవరికీ అనుమానం రాదు.

గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ, ఫ్లెక్స్ డిజైన్లు చేసే ఒకాయన నా దగ్గరికి రాకముందు వేరే చోట ర్యామ్ వేయించారు, ఎస్‌ఎస్‌డీ వేయించారు, రెండుసార్లు ఫార్మాట్ కొట్టించారు. స్పీడ్ చూస్తే 0.78. ఛార్జర్ పీకగానే 2 దాటింది, పేజ్‌మేకర్ ఠక్కున తెరుచుకుంది. "అదేంటి బాబూ, కరెంటు తీసేస్తే పరిగెడుతోంది?" అన్నారు. పాత ఛార్జర్ కుక్క కొరికేస్తే సగం ధరకి ఇంకొకటి తెచ్చుకున్నారట. ఆ సంగతి ఏ షాపూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పరీక్ష అదే. స్పీడ్ అంకె చూస్తూ ఛార్జర్ తీసేయండి, ఒక నిమిషం ఆగండి. అంకె పైకి లేస్తే ఛార్జర్ గానీ, అది గుచ్చే జాక్ గానీ. లేవకపోతే ముందు బ్యాటరీ సేవర్ ఆన్ అయిందేమో చూసి, తీసేసి మళ్లీ చూడండి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి, తీయగానే ఆఫ్ అయ్యే రకమైతే, అదే కంపెనీ అదే వాట్ల ఒరిజినల్ ఛార్జర్ ఎవరిదైనా అడిగి పెట్టి చూడండి. కొన్ని మోడళ్లలో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) వెళ్తే అడాప్టర్ ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. అక్కడ తెలియదు అని వస్తే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. "ప్లగ్ పెట్టారు, ఛార్జ్ కావట్లేదు" అనే మెసేజ్ ఒక్కదాన్నే నమ్మకండి. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉన్నా అదే వస్తుంది.

ఛార్జర్ వెనక స్టిక్కర్ కూడా చదవండి. ఓల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు: 19.5 ఓల్టులు, 3.34 ఆంపియర్లు అంటే 65. అదే 2.31 అయితే 45 మాత్రమే. 65 అడిగే ల్యాప్‌టాప్‌కి ఇంట్లో ఇంకొకరి 45 వాట్ల ఛార్జర్ పెట్టుకున్నా, టైప్-సీ ల్యాప్‌టాప్‌కి ఫోన్ ఛార్జర్ పెట్టుకున్నా ఫలితం ఇంచుమించు ఇదే. ఛార్జర్ మార్చినా తగ్గకపోతే జాక్ చూడాలి. కొన్ని మోడళ్లలో అది చిన్న వైరుతో విడిగా వస్తుంది, మార్చడం తేలిక; కొన్నింట్లో బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటుంది, పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. షాపుకి వచ్చేటప్పుడు మాత్రం దయచేసి ఛార్జర్ కూడా తీసుకురండి. ల్యాప్‌టాప్ ఒక్కటే సంచిలో వేసుకొస్తే, షాపులో ఉన్న మంచి ఛార్జర్‌తో అది చక్కగా నడుస్తుంది, ఇంటికెళ్లాక మళ్లీ మొదలు.

లక్షణం: మొదట బాగానే ఉంటుంది, పావుగంటకి నీరసం

ఇది వేడి. ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరికి వెళ్తే తనను తానే కాపాడుకోడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. మే నెల విజయవాడలో, ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టుకుని వాడితే దాని తప్పేముంది? ఫ్యాన్ శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్ట్ మార్పించండి. ర్యామ్ ధరలో చిన్న ముక్క. మిర్చి యార్డు దగ్గరి కమీషన్ కొట్ల ల్యాప్‌టాప్‌లు తెరిచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాల్సిందే, ఆ ఫ్యాన్‌లో ఉండేది ఒట్టి దుమ్ము కాదు మరి.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి ఉంటే బ్యాటరీ ఉబ్బిందేమో. వాడకం ఆపి ముందు అది తీయించండి, స్పీడ్ సంగతి తర్వాత.

వైరస్, డ్రైవర్ గొడవ, బోర్డు మీద సెన్సార్ పాడవడం ఉంటాయి, కానీ అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి.

సరే, డబ్బు పెట్టాలా వద్దా

ముందు ప్రాసెసర్ ఏ తరానిదో చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా పట్టాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్‌తో పాటు ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచి పైవి ఉండాలి. అంతకు పాతదైతే ఎస్‌ఎస్‌డీ వరకు సరే. అది రేపు కేసింగ్‌లో పెట్టుకుంటే బయటి డిస్క్‌గానైనా పనికొస్తుంది. దానికి కొన్న డీడీఆర్4 ర్యామ్ మాత్రం రేపు మీరు కొనే డీడీఆర్5 ల్యాప్‌టాప్‌లో పట్టదు, ఆ డబ్బు దాంతోనే పోతుంది.

కొత్తది కొనేవాళ్లు ఎక్కువ పెట్టాల్సింది తర్వాత మార్చలేని వాటి మీదే. ర్యామ్ సోల్డర్ చేసిన మోడలైతే మొదటిరోజే 16 తీసుకోండి, ఎంత అడిగినా. ఖాళీ స్లాట్ ఉంటే 8తో తీసుకుని అవసరమైతే తర్వాత వేయించండి. డిస్క్ దాదాపు అన్నింట్లో మార్చుకోవచ్చు, ఒక టీబీ కోసం కంపెనీ అడిగే అదనం తొందరపడి ఇవ్వొద్దు. ఐ5 నుంచి ఐ7కి వెళ్లడానికి పెట్టే డబ్బు సన్నటి బాడీలో చాలావరకు వేడి కిందే పోతుంది. వెనక మూత తెరిస్తే వారంటీ పోతుందా అన్నది కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. బిల్లు కట్టే ముందే అడిగి, వాట్సాప్‌లోనైనా రాసి పంపమనండి.