బేరింగ్ కాలుతుంటే ఆయిల్ పొయ్యకండి, ముందు లెవెల్ చూడండి

సెంట్రిఫ్యూగల్ పంపు బేరింగ్ హౌసింగ్ (షాఫ్ట్‌ని మోసే బేరింగ్ ఉండే పెట్టె) వేడి 88 డిగ్రీల దగ్గర నిలిచింది. ఆయిల్ లెవెల్ చూపే సైట్ గ్లాస్ నిండా ఆయిల్, పైన తెల్లటి నురగ. జబ్బు అక్కడే ఉంది. ఆయిల్ ఎక్కువైతే బేరింగ్‌లోని బాల్స్ దాన్ని కవ్వంలా చిలుకుతాయి. ఆ చిలుకుడుకే వేడి పుడుతుంది, వేడికి ఆయిల్ పలచబడుతుంది. వీజీ 68 (వీజీ అంటే చిక్కదనం గ్రేడు) ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్స్, అది చిక్కదనం కొలత. 70 దగ్గర సుమారు 20, 90కి వచ్చేసరికి 11 చిల్లర. బాల్ బేరింగ్‌కి నడిచే వేడిలో కనీసం 13 ఉండాలని పంపుల వాళ్ల లెక్క. అంతకన్నా దిగితే ఆయిల్ పొర తెగి ఇనుముకి ఇనుము తగులుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

పంపు ఆపి, చల్లారాక డ్రెయిన్ ప్లగ్ విప్పాను. ఆయిల్ నల్లగా, మాడు వాసనతో వచ్చింది. అలాంటిది మళ్లీ వాడకూడదు. కొత్త వీజీ 68తో ఒకసారి కడిగి, అట్టడుగు బాల్ మధ్యదాకా మాత్రమే నింపాను. మూసుకుపోయిన బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే మూత) కూడా శుభ్రం చేశాను. రెండు గంటలు నడిచాక 66 దగ్గర కుదురుకుంది.

తొందరపడి వీజీ 100కి మారొద్దు, లెవెల్ తప్పుంటే చిక్కటి ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది. లెవెల్ సరిచేసినా 80 దాటితే కప్లింగ్ అలైన్‌మెంట్, అంటే మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరసలో ఉన్నాయా అన్నది చూడండి.