టెక్సాస్‌లో నవంబర్ హైకింగ్: జింకల సీజన్‌కి ముందే చూసుకోవాల్సినవి

కార్తీక మాసం వస్తే డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వనభోజనాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఇక్కడ జింకల వేట కూడా సరిగ్గా అప్పుడే. తుపాకులతో వైట్‌టెయిల్ జింకల్ని వేటాడే జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలై, ఉత్తరాన జనవరి మొదటి ఆదివారం దాకా, దక్షిణాన ఇంకో రెండు వారాలు నడుస్తుంది. సిటీ పార్కులో పులిహోర తిని ఇంటికెళ్ళేవాళ్ళకి దీంతో పనేం లేదు. తిన్నాక "దగ్గర్లో ట్రైల్ ఏదైనా ఉందా" అని ఫోన్ తీసేవాళ్ళకే చెప్తున్నా.

ముందు ఆ నేల ఎవరిదో తెలుసుకోండి. టెక్సాస్‌లో నూటికి తొంభై పాళ్ళకు పైగా భూమి ప్రైవేటుదే. మనం ఎవరి చేనైనా గట్టు మీదుగా దాటిపోతూ పెరిగినవాళ్ళం, కంచె లేకపోతే దారే అనుకుంటాం. ఇక్కడ బోర్డు కూడా ఉండక్కర్లేదు. చెట్టు మీదో, కంచె స్తంభం మీదో నేల నుంచి మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తులో, కనీసం ఎనిమిది అంగుళాల పొడవున నిలువుగా ఊదా రంగు గీత కనిపిస్తే చాలు, లోపలికి రావద్దని దానర్థం, చట్టం దృష్టిలో అది బోర్డుతో సమానం. ఎవరో చెట్లకి నంబర్లేసుకున్నారనుకుని దాటితే క్రిమినల్ ట్రెస్‌పాస్ (అనుమతి లేకుండా చొరబడటం) కేసు, వీసా రెన్యువలో గ్రీన్ కార్డో పెండింగ్‌లో ఉన్నవాళ్ళకి అది ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. మూడు కాళ్ళ స్టాండ్ మీద డ్రమ్ము, కింద చల్లిన మొక్కజొన్న గింజలు కనిపిస్తే అది వేట కోసం జింకలకి మేత పెట్టే ఫీడర్, దారి తప్పి ఎవరి రాంచ్‌లోకో వచ్చేసి ఉంటారు, పైగా దాన్నే గురిచూస్తూ ఎక్కడో ఒక మనిషి కూర్చుని ఉండొచ్చు. వచ్చిన దారినే వెనక్కి నడవండి.

ప్రభుత్వ భూమి అయితే భయం లేదనుకోవద్దు. హ్యూస్టన్‌కి ఉత్తరాన శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌లో, డాలస్‌కి వాయవ్యాన డికేటర్ దగ్గరి ఎల్‌బీజే గ్రాస్‌ల్యాండ్స్ అనే ప్రభుత్వ గడ్డిభూముల్లో వేటకి అనుమతి ఉంది. కొన్ని స్టేట్ పార్కుల్లోనూ వేట జరుగుతుంది, ఆ రోజుల్లో మామూలు సందర్శకుల్ని రానివ్వరు, కాబట్టి బయల్దేరే ముందు ఆ పార్కు వెబ్‌సైట్‌లో నోటీసులు చూడండి.

బట్టల విషయం. పబ్లిక్ ల్యాండ్‌లో తుపాకీతో వేటాడేవాళ్ళు మెరిసే ఆరెంజ్ వేసుకోవాలని రూలు. నడిచేవాళ్ళకీ అదే మంచిది, వెస్టు, టోపీ రెండూ వాల్‌మార్ట్‌లో తక్కువకే దొరుకుతాయి. కాషాయం కండువా ఉందిగా అంటారేమో, అది పనికిరాదు, రేడియంలా కొట్టొచ్చినట్టు కనపడాలి. గోధుమ రంగు, తెలుపు అసలొద్దు. వైట్‌టెయిల్ జింక పరిగెత్తేటప్పుడు పైకెత్తే తోక అడుగు తెల్లగా ఉంటుంది, పొదల సందుల్లో గాలికి ఎగిరే తెల్ల చున్నీ దూరం నుంచి ఎలా కనిపిస్తుందో ఒక్కసారి ఊహించుకోండి. పిల్లలకీ, కుక్కకీ కూడా ఆరెంజ్ వేయండి, కుక్క లీష్ వదలొద్దు.

జింకల్ని కాల్చడానికి చట్టబద్ధమైన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. జింకలు ఎక్కువగా తిరిగేదీ తెల్లవారుజామున, మునిమాపు వేళ. కాబట్టి పదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా కారెక్కేయండి. గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి, అది మన వాళ్ళకి కొత్తగా నేర్పక్కర్లేదు. అయితే వేటగాడు కనిపించాడు కదా అని కావాలని కేకలేసి జింకల్ని తరమకండి, చట్టప్రకారం వేటాడేవాళ్ళకి అడ్డుపడటం కూడా ఇక్కడ నేరమే.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది. ఆఫీస్ కొలీగ్ తన రాంచ్‌కి పిలుస్తాడు, సరదాగా ఒక్కసారి పేల్చమని తుపాకీ చేతికిస్తాడు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఫోటో కోసం కూడా పట్టుకోకండి. నిజంగా వేటకే వెళ్ళాలనుంటే ముందు లాయర్ని అడగండి, ఆ తర్వాత లైసెన్స్, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు సంగతి చూడండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి ఆ కోర్సు ఉండాలి.

తిరుగు ప్రయాణంలో పల్లె రోడ్ల మీద స్పీడ్ తగ్గించండి. ఒక జింక దాటితే వెనకాల ఇంకోటి ఉంటుందనే అనుకోండి. ఎదురొస్తే స్టీరింగ్ పక్కకి కోయకుండా మీ లేన్‌లోనే ఉండి గట్టిగా బ్రేక్ వేయండి. కారు తగిలి చచ్చిన జింకని డిక్కీలో వేసుకోవడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధం.