కొత్త ర్యామ్ వేశాక స్క్రీన్ నల్లగానే ఉంటే: నా అనుభవం
నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంది, పక్కన ఒక స్లాట్ ఖాళీ. అందులో 16 జీబీ డీడీఆర్5 (ర్యామ్‌లో ఒక తరం) స్టిక్ పెడితే లైటు వెలిగేది, స్క్రీన్ రాదు. బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డు ప్రోగ్రాం) అప్‌డేట్, వేరే స్టిక్, కాంటాక్టులు తుడవడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీశాను. ఇది మాత్రం వదిలేయకండి. పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకున్నాను. స్టిక్‌ను ఏటవాలుగా, బంగారు రంగు గీతలు దాదాపు కనిపించనంత లోపలికి తోసి కిందికి నొక్కితే, రెండు క్లిప్పులూ టక్కుమన్నాయి. బ్యాటరీ, ఛార్జర్ తగిలించి ఆన్ చేశాక ఇక ముట్టుకోలేదు. డీడీఆర్5కు మొదటిసారి మెమరీ ట్రైనింగ్ (కొత్త ర్యామ్‌కు తగ్గట్టు సిస్టమ్ సెట్టింగులు సర్దుకోవడం) జరుగుతుంది, స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. టెన్షన్ పడి మధ్యలో ఆఫ్ చేయకండి. బయోస్‌లో 24 జీబీ కనిపించింది!

బ్యాటరీ తీయడం, ఆగడం రెండూ కలిసి పనిచేసి ఉండొచ్చు. అన్ని మోడళ్లకూ ఇదే మందు అనను. స్లాటే లేని బోర్డులకు ఎలాగూ కుదరదు.