ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్ – పాఠం 3: కనెక్షన్ ఎక్కడ తెగిందో పట్టుకోవడం

రెండో పాఠం అయ్యేసరికి మన ఏర్పాటు ఇలా ఉంది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు, అందులో ట్యాలీ ఉన్న విండోస్ 11 ప్రో సిస్టమ్, దాని అడ్రసు 192.168.1.20. శ్రీకాకుళంలో మీ ఇల్లు, ఇంట్లో ల్యాప్‌టాప్. మధ్యలో ఆఫీసు రూటర్‌లో పెట్టుకున్న వీపీఎన్, అంటే ఇంటి ల్యాప్‌టాప్‌ని ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే రహస్య దారి. ముందు వీపీఎన్ కలిపి, తర్వాత రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ అడ్రసు కొడితే ఆఫీసు స్క్రీన్ ఇంట్లో కనిపించేది. నిన్నటిదాకా కనిపించింది. ఇవాళ కనెక్ట్ కాలేదని మెసేజ్ వచ్చింది.

ఆ మెసేజ్‌లో మూడు కారణాలు రాసి ఉంటాయి: రిమోట్ యాక్సెస్ ఆన్ చేయలేదు, అవతలి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంది, నెట్‌వర్క్‌లో దొరకడం లేదు. ఏదైనా కావచ్చని చెప్పడమన్నమాట. చాలామంది ఇక్కడే కెలకడం మొదలుపెడతారు. బయటివాళ్లని అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపేస్తారు, రూటర్ రీసెట్ చేసేస్తారు. ఉన్న జబ్బు అలాగే ఉంటుంది, కొత్తవి రెండు తగులుకుంటాయి. నిన్న నడిచింది ఇవాళ ఆగిందంటే సెట్టింగులను అనుమానించే ముందు రాత్రికి రాత్రి ఏం మారిందో చూడాలి. మన జిల్లాలో మొదటి అనుమానం కరెంటు మీదే.

కాబట్టి మొదట ఫోన్ తీసి, ఆఫీసు దగ్గర ఉండే తాతని అడగండి.

“తాతా, ఆఫీసు గదిలో కంప్యూటర్ డబ్బా మీద దీపం వెలుగుతోందా?”

“నేదు బాబూ. రాత్రి గాలేసి కరెంటు పోనాది, తెల్లారగట్ల వచ్చినాది.”

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. యూపీఎస్ బ్యాటరీ అయిపోయి సిస్టమ్ ఆగిపోయింది. కరెంటు రాగానే రూటర్ తనంతట తాను లేచింది, అందుకే వీపీఎన్ కలుస్తోంది. సిస్టమ్ మాత్రం ఎవరైనా బటన్ నొక్కేదాకా లేవదు. తాత చేత నొక్కించండి. ఈసారి పలాస వెళ్లినప్పుడు బయోస్‌లోకి (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల పేజీలోకి) వెళ్లి, కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలో అడిగే సెట్టింగు వెతికి, దాన్ని ‘పవర్ ఆన్’కి మార్చండి. (2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఈ పాఠం ఎందుకూ పనికిరాదు.) దీపం ఆరిపోకుండా ఆగి ఆగి మినుకుమంటోందని చెబితే సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లి ఉండొచ్చు. పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ని ‘నెవర్’ చేయండి. స్క్రీన్ ఆరిపోతే మాత్రం మనకి నష్టం లేదు.

దీపం నిలకడగా వెలుగుతూ ఉండి కూడా కలవకపోతే అడ్రసు మారిందేమో చూడాలి. రూటర్ మళ్లీ లేచినప్పుడు పాత 192.168.1.20నే ఇవ్వాలని రూలేమీ లేదు. ఆఫీసులో ఎవరైనా ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టించి, ఐపీవీ4 అని ఉన్న లైను చదివించండి. అక్కడ 192.168.1.23 అని ఉంటే దొంగ దొరికినట్టే. ఇప్పటికి కొత్త నంబరు వాడుకోండి. తర్వాత రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ కింద ఆ సిస్టమ్‌కి ఒకే నంబరు రాసిపెట్టండి.

అసలు వీపీఎన్నే కలవకపోతే గొడవ ఆఫీసు బయటి అడ్రసుది. ఆఫీసులో ఉన్నవాళ్ల చేత ఆఫీసు రూటర్ పేజీలో వాన్ అడ్రసు (ఇంటర్నెట్ వైపు ఉండే నంబరు) చూపించండి. మీరు ఇంట్లో రాసుకున్న నంబరు కాకుండా వేరేది ఉంటే అది మారిపోయింది. నంబరు మారినా మారకుండా ఉండే డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు పెట్టుకుంటే మళ్లీ ఆ బాధ ఉండదు. అదే 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే నంబరైతే, నెట్ ఇచ్చేవాళ్లు ఒకే పబ్లిక్ అడ్రసుని చాలామందికి కలిపి పంచుతున్నారని అర్థం. బయటి నుంచి మీ రూటర్ దాకా దారే ఉండదు. స్టాటిక్ ఐపీ, అంటే మీకొక్కరికే ఇచ్చే మారని పబ్లిక్ అడ్రసు, అడిగి తీసుకోవాలి, లేదంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటి వేరే దారి చూసుకోవాలి.

ఇక జనాన్ని ఎక్కువగా తికమకపెట్టేది ఇది. వీపీఎన్ కలిసిందని చూపిస్తుంది, ఆఫీసులో అంతా బాగుంటుంది, స్క్రీన్ మాత్రం రాదు. ఇంట్లో కొత్త నెట్ కనెక్షన్ పెట్టించుకున్న వారంలోనే ఇలా అయిందంటే ఇంటి రూటర్ అడ్రసు చూడండి. అదీ 192.168.1.1 అయితే, ఇంటికీ ఆఫీసుకీ ఒకే డోర్ నంబర్లు ఉన్నట్టు. మీరు 192.168.1.20 అని కొట్టగానే ల్యాప్‌టాప్ ‘ఇది మన ఇంట్లోదే కదా’ అనుకుని ఇంట్లోనే వెతుకుతుంది, వీపీఎన్ వైపు పోనే పోదు. పరీక్ష సులువు: వైఫై ఆపి, మొబైల్ హాట్‌స్పాట్ మీద వీపీఎన్ కలిపి చూడండి. కలిసిందా, తప్పు ఇంటి రూటర్‌దే. దాని లాన్ (లోపలి వైపు) అడ్రసుని 192.168.50.1కి మార్చండి. ఆఫీసు వైపు మార్చబోకండి, అక్కడ ప్రింటర్లు, సీసీ కెమెరాలు అన్నీ పాత నంబర్ల మీదే కూర్చుని ఉంటాయి.

అడ్రసు సరైనదే, దారి ఉంది, అయినా రాలేదు. అప్పుడు తలుపు తట్టి చూడాలి. అవతలి సిస్టమ్ పలుకుతోందా అని చూసే పింగ్‌ని నమ్మకండి, చాలా విండోస్ సిస్టమ్‌లు బాగానే ఉండి కూడా పింగ్‌కి పలకవు. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, అంటే సిస్టమ్‌లో దాని తలుపు నంబరు, 3389. పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆఫీసు అడ్రసు, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్‌తో కలిపి పోర్ట్ అని, ఇంకో ఖాళీ తర్వాత 3389 కొట్టండి. చివరి లైనులో ఫాల్స్ వస్తే ఆఫీసు సిస్టమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్‌లో ఉందో లేదో, ఫైర్‌వాల్ గానీ కొత్తగా వేసిన యాంటీవైరస్ గానీ అడ్డుపడుతోందో చూడాలి. ట్రూ వస్తే నెట్‌వర్క్ జోలికి ఇక వెళ్లొద్దు, మిగిలింది లాగిన్ గొడవే. ఆఫీసులో సీటు ముందు కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డ్ పెట్టుకోని యూజర్‌ని కూడా విండోస్ రిమోట్‌లో రానివ్వదు.

ఈ తిప్పలు చూసి ఎవరో ఒకరు సలహా ఇస్తారు: “వీపీఎన్ ఎందుకండీ, రూటర్‌లో 3389 తెరిచేస్తే పోలా?” వినకండి. తెరిచి ఉన్న 3389 కోసం ఇంటర్నెట్టంతా గాలించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, పాస్‌వర్డ్‌తో పని లేకుండానే పాత విండోస్‌లలోకి దూరే వీలుందని తేలింది. అప్పటికే సపోర్టు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చిందంటే అదెంత ప్రమాదమో ఊహించుకోండి.

ఈ వారం అభ్యాసం: ఆఫీసులో పనైపోయాక ఒకరిని కూర్చోబెట్టి, కావాలనే మూడుసార్లు చెడగొట్టించండి. ఒకసారి సిస్టమ్ స్లీప్‌లో పెట్టించండి, ఒకసారి రిమోట్ డెస్క్‌టాప్ ఆపించండి, ఒకసారి మీరే పిన్ కొట్టండి. ప్రతిసారీ మెసేజ్ వెంటనే వచ్చిందా, ఆలస్యంగా వచ్చిందా, పోర్టు పరీక్షలో ఏం వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం నాలుగో పాఠంలో కావాలి. అందులో ప్రింటర్ సంగతి చూద్దాం: శ్రీకాకుళంలో ప్రింట్ నొక్కితే బిల్లు పలాసలో ఎందుకు బయటికొస్తోందో.